తెలుగులో అక్షరం జరిపే పద ప్రశ్నలు: ఇంట్లోనే ఎలా తయారు చేసుకోవాలి, ఎలా చేయించాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాప అనంతపురంలో నాలుగో తరగతి. కొన్న వర్బల్ రీజనింగ్ పుస్తకంలో రెండు ఇంగ్లీషు పదాలిచ్చి, మొదటి పదంలోంచి ఒక అక్షరం తీసి రెండో పదంలో పెట్టి రెండు కొత్త పదాలు చేయమంటున్నారు. పాపకు ఆ పదాలే తెలియవు కాబట్టి విసుక్కుంటోంది. వీటిని తెలుగులో చేయించవచ్చా, ప్రశ్నలు ఎలా తయారు చేసుకోవాలి, నవోదయకూ సైనిక్ స్కూలుకూ పనికొస్తాయా అన్నారు.

తెలుగులో బాగా చేయించవచ్చు. నన్నడిగితే ముందు తెలుగులోనే చేయించాలి. కానీ ఇంగ్లీషు ప్రశ్నను చూసి అదే పద్ధతిలో తెలుగు ప్రశ్న అల్లితే పని జరగదు. అక్షరం అంటే ఏది, ఏ ముక్కను కదపవచ్చు, ఏ ముక్కను కదపకూడదు అన్నది ముందు మీరు తేల్చుకోవాలి. అది తేలితే మిగతాది సులువు. తేలకపోతే పిల్ల సరిగా చేసినా మీరు తప్పంటారు, తప్పు చేసినా ఒప్పంటారు.

పరీక్షల సంగతి ముందే చెప్పేస్తాను. ఈ తరహా ప్రశ్న ఇంగ్లాండులో గ్రామర్ స్కూళ్ల ప్రవేశానికి పదకొండేళ్ల ఈడు పిల్లలకు పెట్టే పరీక్షలో మామూలు. నవోదయ ఆరో తరగతి పరీక్షలో ఇది రాదు. అక్కడ 80 ప్రశ్నల్లో మెంటల్ ఎబిలిటీ 40, అవన్నీ బొమ్మల మీదే. లెక్కలు 20, భాష 20. సైనిక్ స్కూలు ఆరో తరగతి పరీక్షలో ఇంటెలిజెన్స్ కింద 25 ప్రశ్నలుంటాయి, వాటిలో అక్షరాలతో, పదాలతో పని కొంత ఉంటుంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలోని మ్యాట్ (మెంటల్ ఎబిలిటీ) పేపర్లోనూ అంతే. కాబట్టి మార్కుల కోసమే అయితే నవోదయకు బొమ్మల సాధన విడిగా చేయించండి, దీన్ని దానికి బదులు పెట్టుకోకండి. దీనివల్ల వచ్చే లాభం వేరు. పిల్ల ప్రతి అక్షరాన్నీ విడిగా చూడటం, వచ్చిన పదం నిజంగా పదమేనా అని తనే సరిచూసుకోవడం, దొరికిన మొదటి జవాబు దగ్గర ఆగిపోకపోవడం అలవాటవుతాయి. ఈ మూడూ ఏ పరీక్షలోనైనా అక్కరకొస్తాయి.

అక్షరం అంటే ఒక గడిలో పట్టే ముక్క

తెలుగులో గుణింతం, వత్తు, సున్న, అన్నీ అక్షరంతోనే కలిసి కదలాలి. 'పావురం' అంటే పా, వు, రం. మూడు అక్షరాలు. 'రం' తీస్తే సున్నతో సహా వస్తుంది. 'అమ్మకం' అంటే అ, మ్మ, కం. ఇదీ మూడే. గళ్ల నోటుపుస్తకంలో గడికో అక్షరం రాయిస్తే ఈ సంగతి చెప్పకుండానే తెలిసిపోతుంది.

చప్పట్లు కొట్టించి అక్షరాలు లెక్కపెట్టించడం చాలామంది చేస్తారు. మంచిదే, కానీ ఒక చోట మోసం చేస్తుంది. 'అమ్మకం' అని చప్పట్లు కొడుతూ పలికితే పిల్లల నోట 'అమ్-మ-కం' అని వస్తుంది. లెక్క మూడే కాబట్టి మీకు అనుమానం రాదు. కానీ పిల్ల దృష్టిలో మొదటి అక్షరం 'అమ్' అయిపోయింది, రెండోది 'మ' అయిపోయింది. తర్వాత ఆ రెండోది తీసెయ్యమంటే 'అమ్కం' అని రాస్తుంది. అందుకని ద్విత్వం, సంయుక్తం ఉన్న పదాలు వచ్చేసరికి చప్పట్లు ఆపి గళ్లలోకి రండి. పొల్లుతో ముగిసే బస్, పెన్, కాలేజ్ లాంటి మాటలు మొదట్లో వాడకపోవడమే మంచిది. పొల్లు విడి అక్షరమా, ముందు అక్షరంలో భాగమా అనే పేచీ అనవసరంగా నెత్తికెత్తుకోవాల్సి వస్తుంది.

ఫోనులోనో కంప్యూటర్లోనో పదాల ఆటలు తయారు చేయాలనుకునేవాళ్లకు ఒక మాట. యంత్రం లెక్క వేరు. 'వానరం' మనకు మూడక్షరాలైతే యూనికోడ్‌లో ఐదు గుర్తులు: వ, దీర్ఘం, న, ర, సున్న. 'అమ్మకం'లో ఆరు. సరిచేయకుండా వదిలేసిన ప్రోగ్రాము దీర్ఘాన్ని ఒక్కదాన్నే పీకి ఇంకో పదానికి తగిలిస్తుంది. తెలుగు పద ఆటల్లో కనబడే చాలా పిచ్చి ప్రశ్నలకు మూలం ఇదే.

అక్షరం ఏదో తేలాక నియమాలు నాలుగు. మొదటి పదంలోంచి ఒకే ఒక్క అక్షరం తీయాలి. మిగిలినవాటి వరుస మారకూడదు. తీసిన అక్షరం గుణింతం మారకుండా రెండో పదంలో ముందో, మధ్యలోనో, చివరో చేరాలి. చివరికి రెండు చోట్లా అర్థమున్న పదమే మిగలాలి. 'కలప, గడ' ఇచ్చామనుకోండి. ప తీస్తే కల, గడకు ప చేరిస్తే గడప. ఇదే వరుసలో 'కలప, కడ' ఇస్తే కల, కడప. కడప పిల్లలకు మొట్టమొదటి ప్రశ్న ఇదే ఇవ్వండి, తమ ఊరి పేరు జవాబుగా వచ్చినప్పుడు వాళ్ల మొహం చూడాలి.

వెతకడం మొదటి పదంలో మొదలవ్వాలి

పిల్లలు సాధారణంగా రెండో పదం వైపు చూస్తూ కూర్చుంటారు. 'నగ' ముందు ఏం పెడితే బాగుంటుంది, చివర ఏం పెడితే బాగుంటుంది అని ఊహిస్తారు. అక్కడే కాలమంతా పోతుంది. తీయడంతో మొదలు పెట్టమనండి. మూడక్షరాల పదంలోంచి తీయడానికి మూడే మార్గాలు. రెండక్షరాల పదంలో చేర్చడానికి మూడే చోట్లు. మొత్తం తొమ్మిది. కానీ తీసినప్పుడు పదం మిగిలేది సాధారణంగా ఒకటి రెండు సార్లే, కాబట్టి నిజానికి చూడాల్సినవి మూడో ఆరో. నాలుగక్షరాల పదం, మూడక్షరాల పదం ఇస్తే పదహారు అవుతాయి. తీయడంతో మొదలుపెట్టే అలవాటు లేని పిల్ల అక్కడ దారి తప్పుతుంది.

దీనికి 'వానరం' కంటే మంచి పదం నాకు ఇంతవరకు దొరకలేదు. రం తీస్తే వాన. న తీస్తే వారం. వా తీస్తే నరం. ఏ అక్షరం తీసినా పదమే మిగులుతుంది. ఈ ఒక్క పదంతో మూడు ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి రాయండి:

వానరం, నగ
వానరం, వల
వానరం, ఆలు

మొదటిదానికి వాన, నగరం. పిల్ల చకచకా చేసేస్తుంది. రెండోదానికి కూడా అలవాటుగా రం తీసి 'వలరం' అంటుంది. అదేం మాట అని మీరనకండి. "రం తీస్తే వాన మిగిలింది, బాగుంది. ఇంకేం తీస్తే పదం మిగుల్తాది?" అని మాత్రం అడగండి. న తీస్తే వారం మిగులుతుందని కనిపెట్టాక నవల దానంతటదే వస్తుంది. మూడోది కష్టం. వా తీయాలి, పైగా ఆలుకు మధ్యలో దూర్చాలి: నరం, ఆవాలు. ఈ మూడు ప్రశ్నలు ఒక పూటలో చేసిన పిల్లకు ఇక నియమాలు చెప్పే పని ఉండదు. 'మిగిలింది పదమే కదా, అయిపోయింది' అనే తొందర కూడా ఇక్కడే తగ్గుతుంది. రెండో పదం కుదిరితేనే మొదటిది ఒప్పు అని చేతికి తెలుస్తుంది.

పై మూడింటిలో రెండోదాంట్లో ఒక చిక్కుంది, గమనించారా? న తీసుకెళ్లి వల ముందు పెడితే నవల, వెనక పెడితే వలన. 'వలన' కూడా మాటే. పిల్ల 'వారం, వలన' అని రాస్తే తప్పు కొట్టకూడదు. ఒప్పు వేసి, "ఇంకో చోట పెట్టి చూడు, బొమ్మ గీయగలిగే మాట వస్తుందేమో" అనండి.

చీటీలతో చేయించే పద్ధతి

మొదటి రెండు వారాలు నోటుపుస్తకం వద్దు, చీటీలు కావాలి. పాత పెళ్లిపత్రికల అట్ట దీనికి చాలా బాగుంటుంది, చార్టు కాగితంలా ముడుచుకుపోదు. నాలుగు సెంటీమీటర్ల చదరాలుగా కత్తిరించి, ఒక్కో చదరం మీద ఒక్కో అక్షరం, గుణింతం వత్తు సున్నలతో సహా, స్కెచ్ పెన్నుతో పెద్దగా రాయండి. రోజుకు ఐదు ప్రశ్నలకు పాతిక ముప్పై చీటీలు చాలు.

పైవరుసలో మొదటి పదం, కింది వరుసలో రెండో పదం పేర్చండి. పిల్ల ఒక చీటీ తీసి పక్కన పెట్టాలి. ఇక్కడ అందరూ మర్చిపోయే పని ఒకటుంది. తీసిన చోట ఖాళీని మూసెయ్యాలి. వాకిలిలో కి తీసి ఖాళీ అలాగే వదిలేస్తే పిల్ల కళ్లు ఆ ఖాళీలో కి ని చదువుతూనే ఉంటాయి, నోరు వాకిలి అనే అంటుంది. వా, లి రెండింటినీ దగ్గరికి జరిపి వేలు పెట్టి చదివిస్తే అప్పుడు 'వాలి' వినబడుతుంది. ప్రశ్నంతా ఇది: వాకిలి, రణం. జవాబు వాలి, కిరణం. (మన వైపు తలుపునే వాకిలి అంటారు కాబట్టి పిల్లలకు బాగా తెలిసిన మాట.)

తర్వాత తీసిన చీటీని కింది వరుసలో మూడు చోట్లా పెట్టి చూపించమనండి: ముందు, మధ్య, చివర. మధ్యలో పెట్టాలంటే ఉన్న చీటీలను చేత్తో విడదీయాలి. పిల్లలు బద్ధకించేది అక్కడే. కాగితం మీద చేసేటప్పుడు కూడా మధ్య చోటునే వదిలేస్తారు. కమలం, కోరిక, తామర లాంటి జవాబులు చిక్కకపోవడానికి పదం తెలియకపోవడం కంటే ఇదే కారణం ఎక్కువ. చేర్చిన ప్రతిసారీ పైకి చదవాలి. తెలుగులో రాసిందే పలుకుతాం కాబట్టి చెవి సాయం చేస్తుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం పోతే పలుకుబడే మారిపోతుంది, అక్కడ చెవిని నమ్మితే పని కాదు. ముందు ముందు ఇంగ్లీషు ప్రశ్నలకు వెళ్లినప్పుడు ఈ తేడా పాపకు చెప్పండి. పద్ధతి అదే, కానీ అక్కడ కంటితో చూడాలి.

అచ్చుల సంగతి ఒకటి చెబితే పిల్లల పని తగ్గుతుంది. అ, ఆ, ఇ, ఉ లాంటివి తెలుగు పదంలో మొదటనే వస్తాయి. కాబట్టి తీసిన అక్షరం అచ్చయితే అది రెండో పదం ముందుకే వెళ్లాలి. 'ఆహారం, కారం' ఇస్తే ఆ తీస్తే హారం, ఆ చేర్చాల్సింది కారం ముందే: ఆకారం. 'ఆవాలు, కారం' ఇచ్చినా ఇదే దారి: వాలు, ఆకారం. అలాగే రెండో పదం అచ్చుతో మొదలైతే దాని ముందు ఏదీ చేరదు. ఇదొక్కటి తెలిసిన పిల్ల సగం వెతుకులాట మానేస్తుంది.

రోజుకు ఐదు ప్రశ్నలు, పది పన్నెండు నిమిషాలు. అంతకు మించి వద్దు. మొదటి నెల గడియారం చూపించకండి. ఐదో తరగతికి వచ్చాక ప్రశ్నకు నిమిషం పెట్టుకోవచ్చు. సైనిక్ స్కూలు పరీక్షలో 150 నిమిషాలకు 125 ప్రశ్నలు, అంటే సగటున ప్రశ్నకు 72 సెకన్లు. నిమిషంలో చేయగలిగితే ఇబ్బంది లేదు.

చిన్నపిల్లలకైతే అక్షరం కాదు, సున్న జరపండి

ఇంట్లో ఒకటి రెండు తరగతుల పిల్లలుంటే వాళ్లకు మూడక్షరాల పదాలు బరువవుతాయి. వాళ్లకు సున్న ఒక్కదాన్ని జరిపే ఆట పెట్టండి. 'బండి, నది' ఇచ్చి సున్న జరపమంటే బడి, నంది. 'పంది, బడి' ఇస్తే పది, బండి. 'నంది, గడి' ఇస్తే నది, గండి. గండికోట పేరు విన్న పిల్లలకు గండి అంటే ఏమిటో అప్పుడే చెప్పండి, పెన్నా నది కొండను కోసుకుంటూ పోయిన చోటు అని. దీర్ఘం జరిపేవి కూడా ఇలాగే: 'జాడ, వడ' ఇస్తే జడ, వాడ. 'వారం, కరం' ఇస్తే వరం, కారం. వత్తు కావాలంటే 'గడ్డి, గుడి': గడి, గుడ్డి. గుణింతాలు, వత్తులు తడబడే పిల్లలకు కాపీ రాయించడం కంటే ఇది ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే సున్న ఉంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట అని అర్థంతో సహా తెలుస్తుంది. ఇదేమీ కొత్తగా పుట్టిన ఆట కాదు. సున్నను తీసేస్తే అర్థం మారే పద్యాలను బిందుచ్యుతకమనీ, మాత్రను తీసేస్తే మారేవాటిని మాత్రాచ్యుతకమనీ సంస్కృత చిత్రకవిత్వంలో లెక్కపెట్టారు. మన అవధానాల్లో చెప్పిన చోట చెప్పిన అక్షరం పెట్టే న్యస్తాక్షరి, చెదరగొట్టి ఇచ్చిన అక్షరాలను కూర్చే వ్యస్తాక్షరి కూడా అక్షరాలతో ఆటలే.

అయితే ఒకే రోజు అక్షరం జరిపే ప్రశ్నలూ సున్న జరిపే ప్రశ్నలూ కలిపి ఇవ్వకండి. కలిపితే నగరంలోంచి ర మాత్రం తీసి సున్నను అక్కడే వదిలేయడం మొదలవుతుంది. రెండింటికీ వేరే రంగు కాగితాలు పెట్టుకుంటే పిల్లకు గుర్తుంటుంది.

ప్రశ్నలు తయారు చేయడం

తెలుగులో ఇలాంటి ప్రశ్నల కోసం పుస్తకాలు వెతికే కంటే మీరే తయారు చేసుకోవడం తేలిక. ఒక్కో ప్రశ్నను విడిగా ఆలోచించకండి. అక్షరానికో కుటుంబం కట్టుకోండి.

'క' కుటుంబం చూడండి: అల-అలక, మర-మరక, మొల-మొలక, గుంట-గుంటక, కాటు-కాటుక, ఇటు-ఇటుక, అర-అరక. ఏడు జతలు. ఏదో ఒక జతలోంచి పెద్ద పదం, ఇంకో జతలోంచి చిన్న పదం తీసుకుంటే ప్రశ్న సిద్ధం. 'మొలక, గుంట' ఇస్తే మొల, గుంటక. 'కాటుక, మర' ఇస్తే కాటు, మరక. ఈ ఏడు జతలతోనే 42 ప్రశ్నలు వస్తాయి. 'రం' కుటుంబం: పావు-పావురం, నగ-నగరం, వాన-వానరం. 'ప' కుటుంబం: కల-కలప, గడ-గడప, కడ-కడప. 'మి' కుటుంబం: చెలి-చెలిమి, కలి-కలిమి, బలి-బలిమి. 'కం' కుటుంబం: అమ్మ-అమ్మకం, సంత-సంతకం, పాత-పాతకం. 'అమ్మకం, సంత' ఇస్తే అమ్మ, సంతకం. కొంచెం పెద్ద పిల్లలకు ఉపసర్గల కుటుంబం పెట్టండి: హారం-విహారం, కారం-వికారం, దేశం-విదేశం. 'విదేశం, హారం' ఇస్తే దేశం, విహారం.

ఇందులో ఒక ప్రమాదముంది. ఒకే కాగితం మీద 'క' కుటుంబం ప్రశ్నలు ఐదు పెడితే పిల్ల మూడో ప్రశ్నకల్లా ఆలోచించడం మానేస్తుంది. క తీయడం, క చివర పెట్టడం, అంతే. ఐదుకు ఐదూ ఒప్పే, నేర్చుకున్నది సున్నా. ఒక కాగితం మీద ఒక కుటుంబం నుంచి ఒక్క ప్రశ్నే ఉండాలి. ఐదు ప్రశ్నల్లో రెండు చివరి నుంచి చివరికి, ఒకటి మధ్య నుంచి చివరికి, ఒకటి ముందు నుంచి ముందుకు, ఒకటి మధ్య నుంచి మధ్యకు ఉండేలా చూసుకోండి.

మధ్య అక్షరం పోయి పదం మిగిలేవి అరుదు, దొరికినప్పుడల్లా రాసి పెట్టుకోవాలి. నా దగ్గరున్నవి కొన్ని: కోరిక-కోక, సాగరం-సారం, నగరం-నరం, కమలం-కలం, తామర-తార, వాకిలి-వాలి, ఆవాలు-ఆలు, ఆకలి-ఆలి. వీటిని చివర అక్షరం చేరే పదాలతో కలపండి. 'కోరిక, పంది' ఇస్తే కోక, పందిరి. 'సాగరం, పండు' ఇస్తే సారం, పండుగ. 'నగరం, సారం' ఇస్తే నరం, సాగరం, ఇది మధ్య నుంచి మధ్యకు.

రెండు జవాబులున్నాయేమో చూడటం

ప్రశ్న తయారు చేసేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

'తామర, కలం' అని ఇచ్చారనుకోండి. మ తీస్తే తార, కలం మధ్యలో మ చేరిస్తే కమలం. చక్కటి ప్రశ్న. తామర పోయి కమలం వచ్చింది, అర్థం ఒకటే, పిల్లలు దాన్ని పట్టుకుంటే ఎంతో సంబరపడతారు. సరిచూద్దాం. తా తీస్తే మర మిగులుతుంది, పదమే, కానీ తా కలంలో ఎక్కడా ఇమడదు. ర తీస్తే 'తామ', పదం కాదు. కాబట్టి జవాబు ఒక్కటే.

ఇంత బాగుంది కదా అని దీన్నే తిరగేసి 'కమలం, తార' అని ఇస్తే? మ తీస్తే కలం, తామర. మీరు అనుకున్న జవాబు ఇదే. కానీ క తీసి చూడండి. మిగిలేది 'మలం', ఆ క తార చివర చేరితే 'తారక'. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే. నియమాల ప్రకారం ఇదీ ఒప్పే. క్లాసులో నలభై మంది ముందు ఈ ప్రశ్న పెట్టారంటే ఇక ఆ పూట పాఠం సాగదు. ఒక ప్రశ్నకు ఒకే జవాబు ఉందంటే, తిరగేసిన ప్రశ్నకూ ఒకటే ఉంటుందని లేదు. రెండు వైపులా విడివిడిగా సరిచూడాలి. తొమ్మిది మార్గాలే కదా, కాగితం మీద తొమ్మిదీ రాసుకుని కొట్టేయండి. రెండు నిమిషాల పని.

పదం అంటే ఏదో కూడా ముందే ఒప్పుకోవాలి. నేను పెట్టుకున్న హద్దులు ఇవి. నిఘంటువులో ఉన్న రూపమే కావాలి, విభక్తి తగిలిన రూపం కాదు. అంటే అడుగు ఒప్పు, 'అడుగున' ఒప్పుకోను. 'కోరి' లాంటి క్రియా రూపాలు కూడా వద్దు. మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు ఉంటే కాగితం పైన 'పేర్లు కూడా రావచ్చు' అని రాయాలి. పైన వాలి, కడప వచ్చాయి కదా, వాటికి ఈ మాట తప్పనిసరి. అనుమానం వస్తే బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి. కడపలో ఉద్యోగం చేసిన దొర కూర్చిన నిఘంటువు కాబట్టి మన వైపు మాటలు అందులో చాలానే దొరుకుతాయి.

వాడుక మాటల దగ్గర ఉదారంగా ఉండండి. పండుగను ఇంట్లో పండగ అంటాం. పండుకు గ చేరిస్తే పండుగే వస్తుంది కాబట్టి ఈ ప్రశ్నలో చిక్కు లేదు, కానీ చిలక-చిలుక, మరపు-మరుపు లాంటి రెండు రూపాల మాటల్లో పిల్ల ఏది రాసినా ఒప్పుకోవాలి, లేదా ఆ మాటనే వదిలేయాలి. అలాగే గుంటక అంటే సేద్యం ఉన్న ఇంటి పిల్లలకు వెంటనే తెలుస్తుంది, శెనగ చేనులో కలుపు తీయడానికి పాయడం చూసే ఉంటారు. టౌన్లో పెరిగిన పిల్లకు అది తెలియని మాట. ఆ ప్రశ్న ఇచ్చేముందు ఫోటో అయినా చూపించాలి. తెలియని పదం జవాబుగా ఉన్న ప్రశ్న తర్కాన్ని పరీక్షించదు. మీ పాప ఇంగ్లీషు పుస్తకంతో పడుతున్న ఇబ్బంది సరిగ్గా ఇదే.

పిల్ల తప్పు చేసినప్పుడు ఏ రకం తప్పో చూడండి, మందు దాన్నిబట్టి ఉంటుంది. కోరికలోంచి రి తీసుకెళ్లి పందికి ర చేర్చి 'పందిర' అని రాస్తే గుణింతం దారిలో పోగొట్టుకుందన్నమాట, మళ్లీ చీటీలకు వెళ్లాలి. పదం మిగిల్చి రెండోది చూడకుండా ఆగిపోతే రెండు జవాబులకూ విడి గీతలు గీసి, రెండూ నిండితేనే మార్కు ఇవ్వండి. అక్షరాల వరుస మార్చేస్తుంటే అది వేరే ఆట అని చెప్పండి, తప్పు అనకండి. వరుస మార్చి పదం కట్టే ప్రశ్నలు కూడా పరీక్షల్లో ఉంటాయి, ఆ చురుకుదనం చచ్చిపోకూడదు. ఏమీ తోచక ఖాళీగా వదిలేస్తుంటే జవాబు చెప్పకండి, తీయాల్సిన అక్షరం ముందుదా, మధ్యదా, చివరిదా అన్నది మాత్రం చెప్పండి. సాధారణంగా అంతే సరిపోతుంది.

రేపటి నుంచే మొదలుపెట్టడానికి ఒక కాగితానికి సరిపడా ఇస్తున్నాను. పేర్లు లేవు, ప్రతి ప్రశ్ననూ తొమ్మిది మార్గాల్లో సరిచూశాను.

1. అమ్మకం, సంత
2. తలపు, మర
3. ఆకలి, మర
4. తామర, కలం
5. వికారం, హారం

జవాబులు: అమ్మ, సంతకం. తల, మరపు. ఆలి, మరక. తార, కమలం. కారం, విహారం.

మూడోదాంట్లో పిల్ల ముందు ఆ తీసి 'కలి' అని ఆగుతుంది. ఆ అచ్చు కాబట్టి మర ముందే పెట్టాలి, 'ఆమర' అనేది మాట కాదు. అక్కడ ఆగి మళ్లీ మొదటి పదం దగ్గరికి తనంతట తను వెనక్కి వచ్చిందంటే చీటీలు పక్కన పెట్టి నోటుపుస్తకంలోకి మారవచ్చు. రాకపోతే ఇంకో వారం చీటీలతోనే చేయించండి.